‘ఓటీ అవసరం’ అన్న ఒక్క లైను: కోరుట్ల నుంచి ఒక పక్షవాతం కేసు

పక్షవాతం వచ్చిన ఒకామె డిశ్చార్జి కాగితం చివర్లో ఇంగ్లిష్‌లో ఒక లైను ఉంది. ఫిజియోథెరపీ, ఓటీ అవసరం అని దాని అర్థం. ఆ లైను మీద వేలు పెట్టి ఆమె కొడుకు, ఫిజియోథెరపిస్టునైన నన్ను అడిగిన మొదటి మాట: “మేడం, మా అమ్మకు ఇంకో ఆపరేషన్ చెయ్యాల్నా?” ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ అనుకున్నాడు. పది రోజులుగా ఇంట్లో అందరికీ అదే టెన్షన్. మస్కట్‌లో ఉన్న తండ్రి డబ్బు సర్దడానికి అప్పు కూడా అడిగి పెట్టుకున్నాడు.

అది ఆపరేషన్ కాదని, ఆక్యుపేషనల్ థెరపీ అని, తినడం, కట్టుకోవడం, పని చేసుకోవడం లాంటివి మళ్లీ చేతికి నేర్పే చికిత్స అని చెప్పాను. వాళ్ల ప్రాణం కుదుటపడింది. “మరి అది ఎక్కడ చేస్తరు మేడం?” అని అడిగితే, “ముందు నడక రానియ్యండి, తర్వాత చూద్దాం” అన్నాను. ఆ ‘తర్వాత’ రావడానికి ఆరు వారాలు పట్టింది. ఈ కేసులో జరిగిన పెద్ద పొరపాటు అదే, అది నాదే. ఇదంతా రాయడానికి కారణం కూడా అదే.

రోగి వివరాలు

ఆమెను ఇక్కడ రాజవ్వ అంటాను. పేరు, గుర్తుపట్టే కొన్ని వివరాలు మార్చాను. ఆమె, ఆమె కొడుకు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు 47. ఊరు జగిత్యాల జిల్లాలో కోరుట్లకు దగ్గరి పల్లె. పెళ్లికి ముందు నుంచే బీడీలు చేస్తోంది. కొడుకు మెట్‌పల్లిలో సెల్‌ఫోన్ షాపులో పని చేస్తాడు. ఇంట్లో కోడలు, ఏడాదిన్నర మనవరాలు. బీపీ ఉందని మూడేళ్ల కిందటే తెలిసింది. ఒంట్లో తేలిగ్గా అనిపించిన వారం గోలీలు మానేసేది.

2024 జులైలో ఒక తెల్లవారుజామున లేచేసరికి కుడి చెయ్యి, కాలు పనిచేయలేదు. నాలుక మొద్దుబారింది. పక్కింటావిడ పావురం నెత్తురు రాయమంది. కొడుకు వినకుండా కారు మాట్లాడాడు గానీ కరీంనగర్ చేరేసరికి పదకొండు దాటింది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. నిద్రలో వచ్చింది కాబట్టి ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఆ అవకాశం పోయింది. స్కాన్‌లో మెదడు ఎడమ వైపు రక్తనాళం పూడుకుందని తేలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంచారు.

నా దగ్గరికి వచ్చింది పదహారో రోజు. ఇద్దరు పట్టుకుంటే నిలబడేది. కుడి భుజం కీలు ఒక వేలు వెడల్పు కిందికి జారి ఉంది. వేళ్లు ముడుచుకునేవి, తెరుచుకునేవి కావు. నిలకడను కొలిచే బర్గ్ స్కేల్‌లో 56కి 14, రోజువారీ పనులను కొలిచే బార్తెల్ ఇండెక్స్‌లో 100కి 35. మాట ముద్దగా ఉన్నా చెప్పింది పూర్తిగా అర్థం చేసుకునేది. మింగడంలో ఇబ్బంది లేదు.

నా ఆరు వారాలు

వారానికి ఐదు రోజులు వచ్చేది. ఆరు వారాలయ్యేసరికి నాలుగు కాళ్ల చేతికర్రతో వీధి చివరి దాకా నడిచింది. బర్గ్ 41కి, బార్తెల్ 60కి వచ్చాయి. వేళ్లు సగం దాకా తెరుచుకుంటున్నాయి, పిడికిలిలో పట్టు వచ్చింది. నేను సంతోషపడ్డాను. మస్కట్ నుంచి భర్త వాయిస్ మెసేజ్‌లో దండాలు పెట్టాడు.

ఆ వారమే కోడలు నన్ను పక్కకు పిలిచి, “అత్తమ్మ తింటలేదు మేడం. రెండు ముద్దలకే సాలంటది” అంది. బరువు చూస్తే 49 కిలోలు. ఆసుపత్రి కాగితంలో 54 ఉంది. ఐదు కిలోలు నా కళ్ల ముందే పోయాయి, నేను చూడలేదు. డాక్టరు దగ్గరికి పంపాను. రక్త పరీక్షలు బాగానే ఉన్నాయి, దిగులుకు మందు అవసరం లేదన్నారు.

ఒకరోజు కోడలు బయట ఉన్నప్పుడు రాజవ్వను నెమ్మదిగా అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఎడమ చేత్తో ఎట్ల తింటరు బిడ్డా?” అంది. చెంచా ఇస్తున్నారు కదా అంటే, “చెంచతోని తినుడు రోగపు మనిషి తినుడు. కోడలు కలిపి పెడ్తది. చంటిపిల్లకు పెట్టి నాకు పెడ్తది. కోడలు ఎన్ని సార్లు చెయ్యి కడుక్కోవాలె?”

ఆరు వారాలు ఆ చేతిని పట్టుకుని వంచాను, తెరిచాను, బరువులు పెట్టాను. ఆ చెయ్యి అన్నం ముందు ఏం చేస్తుందో ఒక్కసారి కూడా చూడలేదు. కుడిచెయ్యి బలం పెరిగిందని నా ఫైల్లో రాసి ఉంది. ఆ చేత్తో ఒక్క ముద్ద కూడా ఆమె నోట్లోకి పోలేదు.

మర్నాడు మా క్లినిక్‌లోనే అన్నం పెట్టి చూశాను. ముద్ద పట్టుకుంటుంది, పైకి లేపేలోపు వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పట్టు చాలకనా అంటే, అదే చెయ్యి నా వేలిని బాగానే బిగించి పట్టుకుంటోంది. ఎందుకు జారుతోందో నాకు అర్థం కాలేదు. నాకు తెలియని చోటు అది. అప్పుడు మొదలుపెట్టాను ఓటీ కోసం, అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు కోసం వెతకడం.

వెతుకులాట

ఇరవై రోజులు పట్టింది. ముప్పై ఒక్క ఫోన్లు చేశాను. ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకున్నాను కాబట్టి ఈ లెక్క.

మొదట ఆ లైను రాసిన ఆసుపత్రికే చేశాను. వార్డులో ఎత్తిన డాక్టరు మర్యాదగానే మాట్లాడాడు. “మా దగ్గర ఓటీ లేరు మేడం. స్ట్రోక్ పేషెంట్లందరికీ ఆ లైన్ పడుతుంది, ఫార్మాట్‌లోనే ఉంటది” అన్నాడు. ఆ ఒక్క లైను ఒక ఇంటికి పది రోజులు నిద్ర లేకుండా చేసింది. అది ఎక్కడ దొరుకుతుందో రాసినవాళ్లకూ తెలియదు.

తర్వాత జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్‌లలో బోర్డు మీద ‘ఆక్యుపేషనల్ థెరపీ’ అని ఉన్న ఏడు సెంటర్లు. ఏడూ పిల్లల సెంటర్లే. ఆటిజం ఉన్న పిల్లలు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు ఎక్కువగా వస్తారు. జిల్లా కేంద్రాల్లో ఉండే కొద్దిమంది ఓటీలకు జీతం వచ్చేది అక్కడే. “పెద్దవాళ్లను చూడం మేడం” అన్నది ఐదు చోట్ల విన్నాను. ఇంకొంచెం అడిగితే, మూడు చోట్ల అసలు ఓటీ డిగ్రీ ఉన్న మనిషే లేరు. “మా సార్‌కు ట్రైనింగ్ ఉంది” అన్నారు.

ఆ తర్వాత ఒకాయన దొరికాడు. ఇంటికే వస్తానన్నాడు, విజిట్‌కు 800. కొడుకు వెంటనే సరేనన్నాడు. నాకూ ఒక్క క్షణం హాయిగా అనిపించింది. డిగ్రీ ఏమిటని అడిగితే సర్టిఫికెట్ కోర్సు, ఆరు నెలలు అన్నాడు. “కానీ నాకు గవర్నమెంట్ రిజిస్ట్రేషన్ ఉంది మేడం” అని కార్డు ఫొటో పంపాడు. కార్డు నిజమైనదే. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సీఆర్ఆర్ (సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్) నంబరు. ఓటీ కోసం వెతికేవాళ్లు, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులు, ఎక్కువగా తికమకపడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రిహాబిలిటేషన్ కౌన్సిల్ 1992 నాటి చట్టంతో వచ్చింది. స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, కృత్రిమ అవయవాలు చేసే నిపుణులు అందులో నమోదవుతారు. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, మా ఫిజియోథెరపిస్టులు అందులోకి రారు. కాబట్టి ‘నేను ఓటీని, ఇదిగో నా సీఆర్ఆర్ నంబర్’ అని ఎవరైనా అంటే, ఆ నంబరు నిజమే కావచ్చు గానీ అది ఓటీగా ఇచ్చినది కాదు. ఆయనకు ఆ నంబరు వచ్చింది స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమాకు. పిల్లలకు చదువు చెప్పడంలో ఆయన మంచివాడే కావచ్చు, నేను కాదనను. పక్షవాతం వచ్చిన చేతికి ఆయన సరిపోడు. ఆ మాట ఆయనకే చెప్పాను. కాసేపు వాదించి పెట్టేశాడు.

మరి ఓటీకి లైసెన్సు అంటే ఏమిటి? మన దేశంలో దీనికి చాలాకాలం దేశమంతటికీ ఒక చట్టం లేదు. ఢిల్లీ, మహారాష్ట్ర లాంటి కొన్ని చోట్ల రాష్ట్ర కౌన్సిళ్లు ఉండేవి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆక్యుపేషనల్ థెరపీని అందులో ప్రత్యేక వర్గంగా పెట్టారు. ఆ చట్టం లెక్కలో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలి. ఆరు నెలల సర్టిఫికెట్ అక్కడే తేలిపోతుంది. ఇంకోటి, వృత్తి సంఘం. ఆలిండియా ఆక్యుపేషనల్ థెరపిస్ట్స్ అసోసియేషన్ 1952 నుంచి ఉంది. దాంట్లో సభ్యత్వం ప్రభుత్వ లైసెన్సు కాదు. కానీ గుర్తింపు ఉన్న కాలేజీలో ఓటీ చదివినవాళ్లే అందులో ఉంటారు కాబట్టి ఆ నంబరు సరిచూసుకోవడానికి బాగా పనికొస్తుంది.

అందుకని ఫోన్లో నేను అడిగేది ముందు డిగ్రీ పేరు. బీఓటీ అనో, బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ అనో స్పష్టంగా రావాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగైదేళ్ల చదువు అది. ఏ కాలేజీ, ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరం, ఇంటర్న్‌షిప్ ఎక్కడ అని అడుగుతాను. నిజంగా చదివినవాళ్లు ఈ నాలుగూ ఊపిరి తీసుకోకుండా చెప్తారు. తర్వాత సంఘం సభ్యత్వం, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు. ఇవన్నీ అయ్యాక అసలు ప్రశ్న: ఇలాంటి రోగిని ఇదివరకు చూశారా? లైసెన్సు ఉన్న ప్రతి ఓటీ ప్రతి రోగికీ సరిపోరు. పిల్లల ఓటీకి, పెద్దల పక్షవాతం చూసే ఓటీకి అనుభవంలో చాలా తేడా ఉంటుంది.

రెండు వారాలు ఊళ్ల పేర్లు పట్టుకుని వెతికాను. ఊరు కాదు, కాలేజీ పట్టుకుని వెతకాలని పదిహేనో రోజుకు గానీ తట్టలేదు. ఓటీ సీట్లు మన దగ్గర తక్కువ. తెలుగు పిల్లలు చాలామంది కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ సంస్థలోనో, వెల్లూరు సీఎంసీలోనో, మణిపాల్‌లోనో చదువుకుంటారు. నా క్లాస్‌మేట్ ఒకామె ఫిజియో పీజీ ఓలట్‌పూర్‌లో చేసింది. ఆమెకు ఫోన్ చేసి, “కరీంనగర్, వరంగల్ వైపు తెలుగు మాట్లాడే ఓటీ ఎవరన్నా ఉన్నారా?” అని అడిగాను. ఆమె అక్కడి ఓటీ సీనియర్ల గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి రెండు నంబర్లు వచ్చాయి. ఒకామె నిజామాబాద్, బాలింత. రెండో ఆమె హనుమకొండలో ఉంది, పిల్లల సెంటర్‌లో పని చేస్తోంది.

ఆమెనూ అవే ప్రశ్నలు అడిగాను. నొచ్చుకోలేదు. “అడిగినందుకు సంతోషం మేడం, ఇక్కడ ఎవరూ అడగరు” అని డిగ్రీ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, సభ్యత్వ కార్డు అప్పుడే పంపింది. నంబరు సరిచూసుకున్నాను. పెద్దల పక్షవాతం గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది: “డిగ్రీ అయ్యాక రెండేళ్లు న్యూరో వార్డులో చేశాను. నాలుగేళ్ల నుంచి పిల్లలే. మొదటి రెండు సెషన్లు నాకు ఎక్కువ టైం పడుతుంది, ఓపిక పట్టాలి.” ఆ మాట విన్నాక నాకు ఇంకేమీ అడగాలనిపించలేదు.

అప్పుడు ఆమె నన్నొకటి అడిగింది. “ఆమె ఎక్కడ కూర్చుని తింటుంది మేడం? కిందనా, కుర్చీలోనా?” నాకు తెలియదు. ఆ రాత్రి కోడలు తీసి పంపిన వీడియోలో చూశాను. రాజవ్వ నేల మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. తల్లె (కంచం) నేల మీద ఉంది. దాన్ని అందుకోవడానికి ముందుకు వంగినప్పుడల్లా జారిన భుజం ఇంకా కిందికి వేలాడుతోంది, మోచెయ్యి బిగుసుకుంటోంది.

హనుమకొండ

కోరుట్ల నుంచి కరీంనగర్, అక్కడ మారి హనుమకొండ. బస్సులో నాలుగు గంటలకు తక్కువ కాదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కావడం వీళ్లకు నిజంగా కలిసొచ్చింది. అత్తాకోడళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే చాలు. టికెట్ కొడుకు ఒక్కడికే. ఇది లేకపోతే రెండోసారి వెళ్లేవాళ్లమే కాదని కోడలు నాతో అంది.

2024 సెప్టెంబరు చివరి శనివారం వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. పరీక్ష దాదాపు రెండు గంటలు సాగింది. అందులో మొదటి ముప్పావు గంట మాటలే. సీఓపీఎం అనే పద్ధతి వాడింది. రోగే తనకు ముఖ్యమైన పనులు చెప్పాలి, వాటిని ఇప్పుడు ఎంత బాగా చేస్తున్నదో పదికి మార్కులు తనే వేసుకోవాలి. రాజవ్వ మూడు చెప్పింది. కుడిచేత్తో అన్నం తినడం, జడ వేసుకోవడం, బీడీలు. మూడింటికీ ఒకటే వేసుకుంది. నా ఫైల్లో ఉన్న పట్టు బలం, కీళ్ల కదలిక గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

తర్వాత ఓటీ ఆమె కళ్లు మూయించి అరచేతిలో ఒక్కోటి పెట్టింది. తాళంచెవి. రూపాయి బిళ్ల. పసుపు కొమ్ము. చివరికి బీడీలు చుట్టే తునికాకు ముక్క. తునికాకు పేరు చెప్పినప్పుడల్లా రాజవ్వ బొటనవేలు తనంతట తానే చూపుడువేలి మీద కదులుతుంది, అంత అలవాటైన వస్తువు. కళ్లు మూసుకుని, “ఏదో ఉన్నది బిడ్డా. బరువు లేదు. ఏందో తెలుస్తలేదు” అంది. కళ్లు తెరిచి ఆకును చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముద్ద ఎందుకు జారుతోందో అప్పుడు తెలిసింది. బలం తక్కువై కాదు, వేళ్లకు స్పర్శ తెలియక. చేతిలో ఏముందో మెదడుకు చేరకపోతే ఎంత గట్టిగా పట్టాలో చేతికి తెలియదు. మొదటి రోజు నేనూ స్పర్శ చూశాను. పైపైన తాకి, ‘తగ్గింది’ అని రాసి ముందుకు పోయాను.

చికిత్స

వారానికోసారి నాలుగు గంటల ప్రయాణం ఎవరివల్లా కాదు. నాలుగు వారాలకోసారి హనుమకొండ, మధ్యలో వారానికోసారి మా క్లినిక్ నుంచి వీడియో కాల్ అనుకున్నాం. వీడియోలో ఓటీ చెప్తుంది, నా చేతులు చేస్తాయి. నేను సొంతంగా ఏదీ మార్చకూడదన్నది మేమిద్దరం పెట్టుకున్న నియమం. నా పని నడక, భుజం. చెయ్యి ఆమెది.

ఇంట్లో రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున స్పర్శ సాధన. గిన్నెలో బియ్యం పోసి అందులో పెసర్లు, చింతగింజలు, గుండీలు దాచడం. ముందు చూస్తూ తీయడం, తర్వాత కళ్లు మూసుకుని తీయడం. మనవరాలు గింజలు నోట్లో పెట్టుకుంటుందని అది నిద్రపోయాకే చేసేవాళ్లు.

తిండి విషయంలో మార్చినవి చాలా చిన్నవి. రాజవ్వ గోడకు ఆనుకుని పీట మీద కూర్చోవాలి. తల్లె ఇంకో ఎత్తు పీట మీద ఉండాలి, మోచెయ్యి దాని అంచుకు ఆనాలి. తల్లె జారకుండా కింద తడిబట్ట. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు తల్లె. వేడి వేళ్లకు తెలియదు కాబట్టి ముందు ఎడమచేత్తో తాకి చూడాలి. ముందు అన్నం వద్దు, మక్క గటకతో (మొక్కజొన్న సంకటి) మొదలుపెట్టమంది. గటక ముద్దగా నిలుస్తుంది, వేలికి బరువు తెలుస్తుంది. అది వచ్చాక ముద్దపప్పు కలిపిన అన్నం. పచ్చిపులుసు అన్నిటికన్నా చివర. ఏ పుస్తకంలోనూ ఈ వరుస ఇలా ఉండదు. రాజవ్వ ఇంట్లో ఏం వండుతారో గంటసేపు అడిగి రాసుకున్న వరుస ఇది.

పదకొండో రోజు వీడియో కాల్‌కు కోడలు డబ్బాలో గటక తెచ్చింది. రాజవ్వ ముద్ద తీసింది. నాలుగు వేళ్లూ వంగాయి గానీ బొటనవేలు ఆలస్యంగా వచ్చింది. ముద్ద మధ్యవేలికి, ఉంగరపు వేలికి నడుమ ఇరుక్కుంది. “తొందర లేదవ్వా. దించు. ఈసారి బొటనవేలు ముందు పెట్టు” అని ఫోన్లోంచి ఓటీ. రెండోది కొంగు మీద పడింది. మూడోదానికి రాజవ్వ చేతిని కాక ముద్దనే చూస్తూ, నేను మోచేతి కింద పెట్టిన చెయ్యి తీసేయమని తలూపి, ఒక్కతే లేపింది. సగం గడ్డానికి అంటుకుంది, సగం నోట్లోకి పోయింది. గదిలో ఎవరం మాట్లాడలేదు. నమిలి మింగి, కోడలివైపు తిరిగి, “ఉప్పు తక్కువైంది” అంది.

బతుకమ్మ రోజులు అప్పుడే. పువ్వులు పేర్చడంలో కుడిచేత్తో తంగేడు రెమ్మలు పట్టివ్వమని ఓటీ చెప్పింది. చేసింది. కానీ ఆడేచోటికి పోలేదు. జడ కోడలు వేసిందని నలుగురూ అడుగుతారంది.

బీడీల దగ్గర నాకూ ఓటీకీ మాట కలవలేదు. పక్షవాతం వచ్చిన, బీపీ ఉన్న మనిషిని మళ్లీ తంబాకు ముందు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. ఓటీ ఒకటే అంది: “అది ఆమె చెప్పిన పని. ప్రమాదం ఏమిటో డాక్టరు చేత వివరంగా చెప్పిద్దాం. నిర్ణయం ఆమెది.” డాక్టరు చెప్పారు. రాజవ్వ విన్నది. “తంబాకు ముట్ట. ఆకు కత్తిరిస్త. కోడలు చుట్టుతది” అంది. నా మనసులో ఉన్న జవాబు కన్నా అది మంచి జవాబు. డిసెంబరు నుంచి రేకు అచ్చు ఎడమచేత్తో పట్టి, కుడిచేత్తో కత్తెర ఆడించడం సాధన. కత్తెర పిడికి గుడ్డ పీలిక చుట్టాం, లావుగా ఉంటే వేలికి తెలుస్తుందని. మొదట్లో గంటకు పది ఆకులు. అంచులు వంకర. బీడీలకు పనికిరానివన్నీ పొయ్యిలోకి.

నాలుగు నెలల తర్వాత

2025 జనవరి చివర్లో మళ్లీ కొలిచాం. బరువు 52.5 కిలోలు. బార్తెల్ 90. తినడానికి తనే వేసుకున్న మార్కు ఒకటి నుంచి ఎనిమిది. పచ్చిపులుసు అన్నం ఇంకా కారిపోతోంది కాబట్టి పది వేయనంది. ఆకు కత్తిరించడానికి ఐదు. జడకు మూడు. సీఓపీఎంలో రెండు మార్కులు పెరిగినా తేడా ఉన్నట్టే లెక్క. కానీ జడ విషయంలో రాజవ్వ లెక్క వేరు. అల్లడం వస్తోంది గానీ చెయ్యి తల వెనక్కి పోవడం లేదు, భుజం నొప్పి. అది నా పని, నేను ఇంకా సాధించలేదు. కళ్లు మూసుకుంటే తాళంచెవి, పసుపు కొమ్ము గుర్తుపడుతుంది. రూపాయి బిళ్ల, తునికాకు ఇప్పటికీ తెలియడం లేదు. సంక్రాంతికి సకినాలు చుట్టడానికి కూర్చుంది. పిండిని సన్నగా తిప్పుతూ రెండు వరసలు చుట్టగలిగింది, మూడో వరసలో తెగిపోయింది.

పద్దెనిమిది వీడియో సెషన్లలో ఐదు పోయాయి. రెండుసార్లు నెట్ లేక, ఒకసారి వరికోతలు, రెండుసార్లు మనవరాలికి జ్వరం. ఖర్చు: హనుమకొండ వెళ్లినవి నాలుగు సార్లు, 700 చొప్పున 2,800. వీడియోలు 13, 300 చొప్పున 3,900. మొత్తం 6,700 రూపాయలు, కొడుకు బస్సు టికెట్లు, దారి ఖర్చు కాక. ఇంటికొచ్చి విజిట్‌కు 800 తీసుకుంటానన్నాయన వారానికి రెండుసార్లు వచ్చి ఉంటే మొదటి నెలన్నరలోనే ఇంతకు మించి అయ్యేది. డబ్బులో లెక్కకు రాని భారం కోడలిది. చంటిపిల్లను చూసుకుంటూ రోజుకు రెండు పూటలు ఆమె చేయించిన సాధన లేకపోతే పై అంకెలు ఏవీ లేవు.

దీని తర్వాత నా క్లినిక్‌లో రెండు మారాయి. పక్షవాతం రోగి ఎవరు వచ్చినా మొదటి వారంలోనే తినేటప్పుడు చూస్తాను, కళ్లు మూయించి చేతిలో వస్తువు పెడతాను. రెండోది ఆ నోట్‌బుక్. అందులో ఇప్పుడు డిగ్రీ సరిచూసిన తొమ్మిది మంది ఓటీల పేర్లున్నాయి. ఎవరు పెద్దవాళ్లను చూస్తారు, ఎవరు పిల్లలను, ఏ రోజుల్లో, వీడియోలో చూస్తారా లేదా అన్నది పక్కన రాసి ఉంటుంది. ‘ఓటీ అవసరం’ అని కాగితం మీద రాయడం మానేశాను. పేరు, నంబరు రాసి, రోగి ముందే ఫోన్ చేసి, తేదీ అడిగి రాస్తాను.

పిల్లల కోసం వచ్చేవాళ్లకు దారి కాస్త నయం. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం ద్వారా జిల్లా డీఈఐసీకి, అంటే లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి వెళ్లొచ్చు. అది పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలకు ఉద్దేశించినది. ప్రత్యేక అవసరాలున్న బడి వయసు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. వివరంగా పరీక్ష చేయించాలంటే సికింద్రాబాద్‌ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి, ఓటీ పోస్టులో ఇప్పుడు మనిషి ఉన్నారా, ఏ రోజు ఉంటారు అని అడగండి. బోర్డు చూసి బస్సెక్కకండి. పెద్దవాళ్ల విషయంలో నేను చేసినట్టు కాలేజీల ద్వారా వెతకడం కన్నా దగ్గరి దారి నాకింకా దొరకలేదు.

రాజవ్వ ఏప్రిల్‌లో మళ్లీ హనుమకొండ వెళ్లాలి. ఈసారి కోడలు రానక్కర్లేదని, కొడుకు తోడుంటే చాలని తనే చెప్పింది. అడగాల్సినవి రెండు కాగితం మీద రాసి పెట్టాం: జడ, భుజం నొప్పి.